దోర్నకల్ అధ్యక్ష మండలంలో సంఘ నిర్మాణం

దోర్నకల్ అధ్యక్ష మండలం తెలుగు ప్రాంతానికి చెందిన ఒక క్రైస్తవ పరిపాలనా విభాగం. ఇది 1912లో ఆంగ్లికన్ సంఘంలో భాగంగా ఏర్పడి, 1947 నుండి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.)లో అంతర్భాగంగా ఉన్నది. దీని మొదటి బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య (1874–1945). ఆంగ్లికన్ సంఘంలో బిషప్పుగా అభిషిక్తుడైన మొట్టమొదటి భారతీయుడు ఈయనే. అక్షరజ్ఞానం గాని, సొంత భూమి గాని లేని వ్యవసాయ కూలీలతో, తన ఖర్చును తానే భరించి తన పనిని తానే నడుపుకొనే సంఘాన్ని నిర్మించడానికి ఈ మండలంలో జరిగిన ప్రయత్నం, క్రైస్తవ సంఘ నాయకత్వాన్ని అధ్యయనం చేసేవారు తరచుగా ఉదహరించే అంశాలలో ఒకటి.

నేపథ్యం

దోర్నకల్ ప్రస్తుతం తెలంగాణలోని మహబూబాబాదు జిల్లాలో ఉన్నది. కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో ఇది ఒక జంక్షను. ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో ఇది నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో భాగంగా ఉండేది.

అజరయ్య తమిళనాడులోని వెళ్ళాళన్‌విళై గ్రామంలో 1874 ఆగస్టు 17న జన్మించాడు. తండ్రి గ్రామ సంఘ గురువు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిన తరువాత అజరయ్య 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణ భారతమంతటా పర్యటించాడు. భారతదేశంలో సువార్త పని విదేశీ ధనంతో, విదేశీ మిషనరీల ఆజ్ఞలతో మాత్రమే సాగరాదని భావించి, 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనలో, 1905లో శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలో ప్రముఖ పాత్ర వహించాడు. మొదటి సంస్థ తమిళ క్రైస్తవుల విరాళాలతో నడిచేది. ఆ సంస్థ తన కార్యక్షేత్రంగా ఎంచుకొన్నది దోర్నకల్ ప్రాంతాన్ని. ఇతరులను అక్కడికి పంపిన తాను వెనుక ఉండిపోవడం తగదని అజరయ్య 1909లో గురువుగా అభిషేకం పొంది, తెలుగు నేర్చుకొని, కుటుంబంతో సహా దోర్నకల్ చేరాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఇందుకు మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ ప్రోత్సాహం ముఖ్య కారణం.

మొదట చిన్నదిగా ఉన్న మండలం 1920ల నాటికి కృష్ణా జిల్లా మొదలైన కోస్తా ప్రాంతాలలోని సంఘాలను కూడా కలుపుకొని విస్తరించింది. సంఘస్థులలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారు.

ఎడింబరో ప్రసంగం

1910 జూన్‌లో స్కాట్లాండులోని ఎడింబరో నగరంలో జరిగిన ప్రపంచ మిషనరీ సమావేశంలో అజరయ్య చేసిన ప్రసంగం ఆయన నాయకత్వ దృక్పథాన్ని తెలుపుతుంది. విదేశీ మిషనరీలు భారతీయ సహచరులకు జీతం ఇస్తారని, ఆజ్ఞలు ఇస్తారని, ప్రాణత్యాగానికి సైతం సిద్ధపడతారని, కాని సమానులుగా ఇంటికి పిలిచి స్నేహం చేయడం అరుదని ఆయన ఆ సభలో చెప్పాడు. తమకు కావలసినది స్నేహితులని కోరాడు. ఈ మాటలు సభలోని కొందరికి ఆగ్రహం కలిగించాయి. సంఘంలో ఆతిథ్యం అనేది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం గాక, అధికారం ఎవరి చేతిలో ఉన్నదనే ప్రశ్నతో ముడిపడి ఉన్నదని ఈ ప్రసంగం స్పష్టం చేసింది.

గ్రామ ఉపాధ్యాయుడు

దోర్నకల్ విధానానికి గ్రామ ఉపాధ్యాయుడు పునాది. బిషప్పు గాని, గురువు గాని ప్రతి గ్రామంలోను ఉండలేరు. కనుక ఒక్కొక్క గ్రామంలో, లేదా కొన్ని గ్రామాలకు కలిపి, ఒక ఉపాధ్యాయుడిని నియమించేవారు. సంఘస్థులు పగలంతా పొలాలలో పనిచేసేవారు కాబట్టి బోధన, ప్రార్థన ఎక్కువగా రాత్రివేళ సాగేవి. చదువురానివారికి విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు కంఠస్థం చేయించేవారు. బైబిలు వృత్తాంతాలను కథలుగాను, కీర్తనలుగాను నేర్పేవారు. పిల్లలకు అక్షరాలు దిద్దించడం, రోగులను పరామర్శించడం, తగాదాలలో మాట సాయం చేయడం కూడా ఉపాధ్యాయుని విధులే.

కొన్ని గ్రామాలు కలిపి ఒక గురువు పర్యవేక్షణలో ఉండేవి. 1930ల మధ్యనాటికి మండలంలో సుమారు 250 మంది భారతీయ గురువులు, 2,000కు పైగా గ్రామ ఉపాధ్యాయులు ఉన్నారు. గురువులలో చాలామంది అదే ప్రాంతపు గ్రామాల నుండి వచ్చినవారు.

శిక్షణ

గురుత్వానికి అభ్యర్థులను ఎంపిక చేయడంలో పట్టాల కంటె గ్రామంలో నిరూపితమైన ప్రవర్తనకు ప్రాధాన్యం ఇచ్చేవారు. శిక్షణ తెలుగులోనే జరిగేది. అభ్యర్థులు దోర్నకల్‌లో కుటుంబాలతో సహా నివసించేవారు. వారి భార్యలకు కూడా చదువు, ఆరోగ్య సూత్రాలు, బైబిలు నేర్పేవారు. బిషప్పు భార్య అన్బు మరియమ్మాళ్ ఈ పనిలో ముఖ్య పాత్ర వహించింది. ఆమె స్వయంగా కళాశాల విద్య అభ్యసించిన తొలి తరం దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో ఒకరు. గ్రామంలో గురువు ఇల్లే అందరికీ ఆదర్శంగా కనిపిస్తుంది కనుక, భార్యకు శిక్షణ లేనిదే గురువు శిక్షణ పూర్తికాదన్నది ఇక్కడి అభిప్రాయం.

అజరయ్య కూడా సంవత్సరంలో చాలా కాలం గ్రామాలలోనే పర్యటించేవాడు. రైలులోను, ఎడ్లబండిపైన, కాలినడకన ప్రయాణించి, గుడారాలలో బసచేసి, సంఘ పెద్దలతో మాట్లాడి, ధృవీకరణ పొందగోరేవారిని ప్రశ్నించి తెలుసుకొనేవాడు.

కానుకలు, స్వయంపోషణ

విదేశీ సహాయం మీద మాత్రమే ఆధారపడిన సంఘం ఎప్పటికీ పిల్లవాడిగానే ఉండిపోతుందని అజరయ్య భావించాడు. అయితే కూలీ ధాన్యరూపంలో అందుకొనే కుటుంబాల వద్ద నగదు ఉండేది కాదు. అందువలన ఇవ్వడం వారి జీవన విధానానికి అనుగుణంగా రూపొందింది. వంట చేసే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం గాని, జొన్నలు గాని వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేవారు. కోతకాలపు పండుగలో ధాన్యం, కూరగాయలు, కోళ్ళు, గుడ్లు సమర్పించేవారు. వీటిని వేలం వేసి, వచ్చిన సొమ్మును సంఘపు పనికి వినియోగించేవారు. ఈ అంశంపై అజరయ్య "క్రిస్టియన్ గివింగ్" అనే గ్రంథాన్ని రచించాడు.

ఈ పద్ధతి వలన ఆర్థిక ప్రయోజనం కంటె మరొక ఫలితం ముఖ్యమైనది. తరతరాలుగా ఇతరుల నుండి పుచ్చుకొనేవారిగానే చూడబడినవారు, తమ సంఘంలో ఇచ్చేవారుగా నిలబడ్డారు. సంఘం లెక్కలు అడిగే హక్కు కూడా దానితోపాటే వారికి సంక్రమించింది.

ప్రతి సభ్యుని బాధ్యత

బాప్తిస్మం పొందిన ప్రతివారు తమ చేతిని తలపై ఉంచుకొని, తాము బాప్తిస్మం పొందిన క్రైస్తవులమని, సువార్తను ప్రకటించకపోతే తమకు శ్రమ అని పలికే ఆచారాన్ని అజరయ్య ప్రవేశపెట్టాడు. సంవత్సరానికొకసారి "సాక్ష్య వారం" జరిపేవారు. ఆ వారంలో స్త్రీపురుషులు జట్లుగా పొరుగు గ్రామాలకు వెళ్ళి కీర్తనలు పాడి తమ విశ్వాసం గురించి చెప్పేవారు. జీతం తీసుకొనే ఉద్యోగులు మాత్రమే సంఘపు పని చేస్తారన్న భావన తొలగించడం దీని ఉద్దేశం.

అపరిశుభ్రత, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటిని అజరయ్య నాలుగు దయ్యాలుగా వర్ణించేవాడు. వీటిని ఎదుర్కొనడానికి పాఠశాలలు, వైద్యసేవ, సహకార సంఘాలు నడిపారు.

కుల సమస్య

సంఘం అందరినీ ఆహ్వానించేదిగా ఉండాలన్న ఆశయానికి అన్నిటికంటె పెద్ద ఆటంకం కులం. మాలలు, మాదిగలు వేర్వేరు పేటలలో నివసిస్తూ, ఒకరి బావి నీరు ఒకరు తాగని పరిస్థితి ఉండేది. ముందుగా ఒక కులంవారు క్రైస్తవులైన గ్రామంలో రెండవ కులంవారు ఆ గుడికి వెళ్ళడానికి సంకోచించేవారు. ఒకే పాత్ర నుండి ప్రభు రాత్రి భోజన సంస్కారం తీసుకోవడం, కలిసి భోజనం చేయడం అజరయ్య రాజీపడని నియమాలు. కొన్ని చోట్ల మాల, మాదిగ క్రైస్తవుల మార్పును చూసి శూద్ర కులాలవారు కూడా 1920, 1930లలో సంఘంలో చేరారు. అయినప్పటికీ వివాహ సంబంధాలలో కులభేదం పూర్తిగా తొలగిపోలేదు.

ఆరాధన, కట్టడం

ఆంగ్లికన్ ప్రార్థనా క్రమాన్ని తెలుగులో ఉపయోగిస్తూనే, తెలుగు కీర్తనలు, భజనలు, జాతరను పోలిన ఉత్సవాలను ప్రోత్సహించారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించబడిన దోర్నకల్ ఎపిఫనీ కెథీడ్రల్ ఈ దృక్పథానికి చక్కని ఉదాహరణ. ఇందులో దేవాలయ మండపాలను తలపించే స్తంభాలు, మసీదులను పోలిన గుమ్మటాలు, మినార్లు, క్రైస్తవ సంకేతమైన సిలువ కలిసి కనిపిస్తాయి. ఈ దేశపు సంస్కృతులన్నీ కలిసే చోటుగా సంఘం ఉండాలన్న భావం ఈ కట్టడంలో వ్యక్తమవుతుంది.

విమర్శలు, పరిమితులు

భారతీయుని బిషప్పుగా నియమించడాన్ని కొందరు ఐరోపా మిషనరీలు, కొందరు భారతీయ క్రైస్తవులు కూడా మొదట వ్యతిరేకించారు. తమిళుడైన బిషప్పు పట్ల తెలుగువారిలో కొందరికి అసంతృప్తి ఉండేది. 1930లలో హరిజనుల సామూహిక మతమార్పిడులను మహాత్మా గాంధీ తీవ్రంగా విమర్శించాడు. అణగారినవారు తమ కోసం తామే నిర్ణయించుకోగలరని అజరయ్య అభిప్రాయం. మరొక వైపు ఆయన క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలను వ్యతిరేకించాడు. సంఘం రాజకీయ వర్గంగా మారితే అందరికీ తలుపులు తెరిచి ఉంచలేదని ఆయన వాదన.

మండలంలో నిర్ణయాధికారం చాలావరకు బిషప్పు వ్యక్తిత్వం చుట్టూ కేంద్రీకృతమైందన్న విమర్శ కూడా ఉన్నది. స్వాతంత్ర్యం తరువాత 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఆ హోదా లభించలేదు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో వీరు వెనుకబడిన తరగతులలోని బి.సి.–సి గ్రూపులో ఉన్నారు. సంఘంలో పొందిన గౌరవం, చట్టంలో పొందిన స్థానం వేరువేరుగా ఉండటం వీరి జీవితాలలో నేటికీ ఒక ముఖ్య సమస్య.

ఐక్యతకు కృషి

1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశంలో అజరయ్య తదితరులు దక్షిణ భారతంలోని ప్రొటెస్టెంటు సంఘాల ఐక్యతకు పిలుపునిచ్చారు. గ్రామంలోని కూలీలకు ఇంగ్లండులో పుట్టిన విభేదాలతో పని లేదని ఆయన అభిప్రాయం. సుమారు మూడు దశాబ్దాల చర్చల తరువాత 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అజరయ్య దానిని చూడలేదు. ఆయన 1945 జనవరి 1న దోర్నకల్‌లో మరణించాడు.

ప్రాముఖ్యత

అమెరికన్ మిషనరీ జె. వాస్కమ్ పికెట్ 1933లో ప్రచురించిన సామూహిక మతమార్పిడుల అధ్యయనం, ప్రజలు ఏ ఉద్దేశంతో సంఘంలో చేరారన్న దానికంటె చేరిన తరువాత వారికి లభించిన బోధన, పరామర్శ వారి ప్రగతిని ఎక్కువగా నిర్ణయించాయని తెలిపింది. దోర్నకల్ అనుభవం కూడా దీనికి అనుగుణంగానే ఉన్నది. స్థానిక నాయకులను తయారుచేయడం, వారి భాషలోనే బోధించడం, పేదవారి నుండి కూడా బాధ్యతను ఆశించడం, ఒకే పంక్తిలో అందరికీ చోటు కల్పించడం ఈ అనుభవంలోని ముఖ్యాంశాలు. వీటిలో మొదటి మూడు చాలావరకు సాధ్యమయ్యాయి. నాలుగవది సాధించడానికి తెలుగు సంఘాలు ఇంకా కృషి చేయవలసి ఉన్నది.