రెండు నగరాల నడుమ దూరం, ప్రయాణకాలం: హైదరాబాద్ – విశాఖపట్నం మార్గ పరిశీలన

వ్యాససంగ్రహం:
రెండు నగరాల మధ్య దూరాన్ని ఒకే అంకెతో చెప్పడం పరిపాటి. వాయుమార్గంలో ఒక అంకె, రోడ్డు మార్గంలో మరొక అంకె వస్తాయి. ప్రయాణకాలం ఈ రెండింటికీ అనుగుణంగా ఉండదు. హైదరాబాద్ – విశాఖపట్నం మార్గాన్ని హైదరాబాద్ – విజయవాడ మార్గంతో పోల్చి ఈ విషయాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: సరళరేఖా దూరం, రోడ్డు దూరం, గమనకాలం, స్థిరకాలం.

1. ఉపోద్ఘాతం:
క్రోసు, ఆమడ వంటి కొలతలు ఉన్నప్పటికీ, "ఎంత దూరం?" అన్న ప్రశ్నకు "రెండు గంటల దారి" అని బదులివ్వడం తెలుగువారి వాడుకలో ఉంది. ప్రయాణికునికి కావలసినది గడప నుండి గడపకు పట్టే కాలమే కనుక ఈ వాడుక అర్థవంతమైనది.

2. రెండు దూరాలు:
హైదరాబాద్ నుండి విశాఖపట్నానికి సరళరేఖా దూరం సుమారు 500 కి.మీ. రోడ్డు దూరం సుమారు 625 కి.మీ.: 65వ జాతీయ రహదారిపై విజయవాడకు 275 కి.మీ., అక్కడి నుండి 16వ జాతీయ రహదారిపై రాజమహేంద్రవరం, తుని మీదుగా 350 కి.మీ. రెండు నగరాలూ దాదాపు ఒకే అక్షాంశంపై ఉన్నాయి. అయితే నడుమ తూర్పు కనుమలు, గోదావరి లోయ ఉండటంవల్ల ఈ రహదారి ఆగ్నేయంగా కృష్ణాతీరానికి దిగి, తీరమైదానం వెంట ఈశాన్యానికి మళ్లుతుంది. రోడ్డు దూరం సరళరేఖకు 1.25 రెట్లు. విజయవాడకు సరళరేఖా దూరం సుమారు 250 కి.మీ. కాగా, అక్కడ ఈ నిష్పత్తి 1.1 మాత్రమే.

3. రెండు కాలాలు:
విశాఖకు విమానంలో సుమారు గంటంబావు, కారులో 11 – 12 గంటలు పడుతుంది. ఈ లెక్కన విమానం తొమ్మిది రెట్లు వేగవంతం. కాని శంషాబాద్ చేరడానికి గంట, తనిఖీలకూ నిరీక్షణకూ గంటన్నర, దిగిన తరువాత ఇల్లు చేరడానికి గంట కలిపితే మొత్తం దాదాపు ఐదు గంటలు. తొమ్మిది రెట్ల తేడా రెండు రెట్లకు కాస్త పైన నిలుస్తుంది. విజయవాడకు గమనకాలం గంట అయినా, ఇదే పద్ధతిలో మొత్తం నాలుగున్నర గంటలవుతుంది. రోడ్డుపై సుమారు ఐదు గంటలు. ఇక్కడ విమానంవల్ల కలిగే ప్రయోజనం దాదాపు లేనట్లే.

4. స్థిరకాలం ప్రాధాన్యం:
దూరంతోపాటు పెరిగేది గమనకాలం. దూరం ఎంతైనా మారనిది స్థిరకాలం. రోడ్డు ప్రయాణంలో స్థిరకాలం స్వల్పం, విమానయానంలో అధికం. 2008లో హైదరాబాద్ విమానాల రాకపోకలు నగరం నడుమనున్న బేగంపేట నుండి శంషాబాద్‌కు మారినప్పుడు గమనకాలంలో చెప్పుకోదగిన మార్పు రాలేదు. సికింద్రాబాద్ వాసికి మాత్రం ప్రయాణం పెరిగింది. విశాఖకు సుమారు 45 కి.మీ. దూరంలోని భోగాపురం విమానాశ్రయ విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. దూరప్రాంతాలకు వెళ్లేవారికి ఈ అదనపు కాలం స్వల్పంగా తోచవచ్చు. హైదరాబాద్ వంటి సమీప నగరానికి వెళ్లేవారికి అది గమనకాలంతో పోటీపడుతుంది.

5. ముగింపు:
దూరాల పట్టికలు చూపే కిలోమీటర్లు, విమాన వేళలు తప్పు కావు, అసంపూర్ణం. రోగిని తరలించవలసి వచ్చినా, పరీక్షకు అందుకోవలసి వచ్చినా నిర్ణయం ఆధారపడేది మొత్తం కాలంపైనే. విమానాశ్రయం ఎంత పెద్దదన్న విషయంతో సమానంగా, అక్కడికి చేరే దారి ఎంత సుగమమన్నదీ ప్రణాళికలలో పరిగణించదగినది.