పాత ఫోర్డు బండికి పునర్జీవనము

ఒకనాడు తరగతిలో యంత్రములనుగూర్చి పాఠము జరుగుచుండగా నొక విద్యార్థి లేచి, "అయ్యా, నూఱేండ్లనాటి మోటారుబండి యిప్పుడును నడచునా? నడచినచో దాని సామాను లెక్కడ దొరకును?" అని యడిగెను. ప్రశ్న మంచిది. తరగతిలో గంట మ్రోగుటచేత సమాధానము సగములో నిలిచిపోయినది గాన, మిగిలినదానిని ఈ పత్రికాముఖమున వ్రాయుచున్నాము.

ఉదాహరణమునకై అమెరికాదేశపు ఫోర్డు మోడల్ టి బండిని గైకొందము. హెన్రీ ఫోర్డుగారి కంపెనీ దీనిని 1908 మొదలు 1927 వఱకు తయారుచేసెను. మొదటి బండ్లు డిట్రాయిట్ నగరమున పికెట్ కర్మాగారములో పుట్టినవి. ఆ కట్టడము నేడు ప్రదర్శనశాలగా నున్నది. పిమ్మట పని హైలాండ్ పార్కునకు మారెను. అచ్చట 1913లో, పనివాడు బండియొద్దకు పోవుటకు మాఱుగా బండియే పనివానియొద్దకు వచ్చునట్టి వరుసపద్ధతి యేర్పడెను. అంతకుముందు బండిచట్రమును కూర్చుటకు పన్నెండున్నర గంటలు పట్టుచుండగా, 1914 నాటికి 93 నిమిషములలో ముగియుచుండెను. 1908లో 850 డాలర్లుగా నున్న వెల తగ్గుచువచ్చి, 1925లో చౌకరకపు బండి 260 డాలర్లకే లభించెను. మొత్తముమీద కోటి యేబది లక్షల బండ్లు వెలువడినవి. కెనడా ఫోర్డు కంపెనీవారు 1926లో మన దేశమునందును శాఖను నెలకొల్పిరి.

విద్యార్థి ప్రశ్నకు సగము జవాబు ఈ లెక్కలలోనే యున్నది. వరుసపద్ధతి సాగవలెనన్న ఏ బోల్టైనను ఏ బండికైనను ఆకురాయి పట్టకయే యమరవలెను. ఒక్కొక్క బండికి ఒక్కొక్క కొలతయైనచో వరుస ఆగిపోవును. అందుచేత భాగములన్నియు నొకే కొలతతో పోతపోసి చెక్కబడినవి. ఆనాటి తొందరకై యేర్పడిన ఆ నియమమే నేటి పునరుద్ధారకునకు వరమైనది.

అయినను పందొమ్మిదేండ్లలో చిన్నచిన్న మార్పులు జరుగకపోలేదు. ఇంజనులోని నీరు వేడెక్కి తనంతట తాను పైకెక్కి, రేడియేటరులో చల్లబడి క్రిందికి దిగును. దానికి పంపు లేదు. కాని తొలి 2,500 బండ్లకు మాత్రము పంపుండెను. కాబట్టి సామానునకై వెదకుటకు ముందు బండి యేయేటిదో తెలిసికొనవలెను. ఇంజనునకు ఎడమప్రక్కను, నీరు ప్రవేశించు తావునకు పైని, ఒక సంఖ్య ముద్రింపబడి యుండును. దానినిబట్టి యింజను పుట్టిన కాలము తెలియును. ఇంజను ఒక యేటిదియు, ఇరుసు వేఱొక యేటిదియు నగుటయు కలదు. ఏలయనగా పూర్వులు చెడిన భాగమును తీసి, దొరికినదానిని తగిలించి నడిపించుకొనిరి.

ఇక సామానులు దొరకు త్రోవలు మూఁడు. మొదటిది పాతసామానుల సంత. పెన్సిల్వేనియా రాష్ట్రమున హెర్షీ పట్టణములో 1955 నుండి ఏటేట శరత్కాలమున నిట్టి సంత జరుగుచున్నది. త్రుప్పుపట్టిన కుప్పలలో వెదకినవారికి కావలసినది కనబడుచుండును. రెండవది క్రొత్తగా చేయబడిన భాగములు. ఈ బండి ప్రియులు అనేకులగుటచే అమెరికాలో ఇప్పటికిని కొందఱు దీని పిస్టనులు, రేడియేటరులు, కఱ్ఱచక్రముల ఆకులు మొదలగువానిని తయారుచేసి అమ్ముచున్నారు. మూఁడవది చేతిపని. క్రాంకు షాఫ్టు తిరుగు బేరింగులకు బాబిట్ అను మెత్తని లోహము పూతగా పోయబడి యుండును. అది తగరము మొదలైనవాని మిశ్రము. అరిగినప్పుడు దానిని కరగించి తీసి, క్రొత్తది పోసి, షాఫ్టునకు సరిపోవునట్లు చెక్కవలెను. ఇది అంగడిలో కొనదగినది కాదు, నేర్చినవాని చేతిలోనిది.

ఒక భాగమునకు మఱియొక భాగముతో నెట్టి సంబంధముండునో చూడుడు. ఈ యింజనుకు చమురు పంపు లేదు. వెనుకనున్న గొప్ప చక్రము తిరుగుచు చమురును చిమ్మును. ఒక సన్నని గొట్టము దానిని పట్టి ముందువైపునకు పంపును. గేరులను పట్టు పట్టీలకు నూలుగుడ్డ తొడుగుండును. ఆ గుడ్డ అరిగినకొలది దాని పోగులు చమురులో కలిసి ఆ గొట్టమును మూయును. అప్పుడు వెనుకనున్న గుడ్డ చెడినందుకు ముందున్న బేరింగు కాలిపోవును! కావున పట్టీలు మార్చినవాడు గొట్టమును శుభ్రపఱుపక మూత వేయరాదు.

ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పఁదలచిన సంగతికి వచ్చితిమి. ఈ బండి కాలి బ్రేకు చక్రములను పట్టదు. గేరుపెట్టెలోని డ్రమ్మును పట్టును. ఆ పట్టు వెనుక యిరుసులోని పండ్లచక్రముల ద్వారముననే చక్రములకు చేరును. ఆ పండ్లచక్రములు ప్రక్కకు జరుగకుండ ఇరుసులో బిళ్లలుండును. పెక్కు బండ్లలో నివి బాబిట్ లోహముతో చేయబడినవి. ఏండ్లు గడచినకొలది ఆ లోహము పగిలి పొడియగును. బిళ్ల పోయినచో పండ్లు విడిపోవును. పండ్లు విడిపోయినచో కొండదిగువను కాలి బ్రేకు ఎంత త్రొక్కినను బండి నిలువదు. చేతి బ్రేకు ఒకటి యున్నను అది ముఖ్యముగా నిలిచిన బండిని పట్టుటకే. కావున అనుభవజ్ఞులు ఇరుసును విప్పి, బాబిట్ బిళ్లలను తీసివేసి, కంచుబిళ్లలు వేయుదురు. వాని వెల స్వల్పము. విప్పు శ్రమయే యెక్కువ.

బండికి నల్లరంగు పూసి, ఇత్తడి దీపములు తోమి నిలిపినచో చూచువారు మెచ్చుకొందురు. ఇరుసులోని బిళ్లను ఎవరును చూడరు, మెచ్చుకొనరు. కాని అందు కూర్చుండిన బిడ్డల ప్రాణము రంగుమీద కాక ఆ బిళ్లమీద ఆధారపడి యున్నది. కనబడని చోట చేసిన పనియే పనివాని మనస్సును తెలుపును. అట్లే బండిని అమ్మువాడు ఏ భాగము పాతది, ఏది క్రొత్తది, ఏది విప్పి చూడనేలేదు అను సంగతులను దాఁచక వ్రాసి యియ్యవలెను.

కడపట నొక హెచ్చరిక. విద్యుత్తుతో నింజనును కదలించు సాధనము ఈ బండికి 1919లో వచ్చినది. అది లేని బండిని చేతిపిడి త్రిప్పి లేపవలెను. స్టీరింగు క్రింద నెడమవైపు నున్న మీట నిప్పురవ్వ వేళను మార్చును. దానిని పైకెత్తి, రవ్వ ఆలస్యముగా పడునట్లు చేసిన పిమ్మటనే పిడి పట్టవలెను. మఱచినచో ఇంజను ఎదురు తిరిగి పిడి చేతిని కొట్టును. ఆ దెబ్బకు ముంజేతి యెముక విఱిగినవా రనేకులు. బొటనవ్రేలిని పిడిచుట్టు చుట్టక తక్కిన వ్రేళ్ల ప్రక్కనే యుంచి, ఎడమచేతితో పైకి లాగుట క్షేమము.

బాలురారా! నూఱేండ్లనాటి బండి నడచునా యని మీరడిగితిరి. నడచును. దాని సంఖ్య చదివి, భాగములకు భాగములకు గల సంబంధము నెఱిఁగి, చూపునకు కనబడని బిళ్లను సహితము విప్పి చూచు ఓర్పుగలవాని చేతిలో నడచును.