వరుసను సరిచేయుటకు ఎన్ని మార్పులు?

క్యాబేజీయు, టర్నిప్ దుంపయు చూపునకుగాని రుచికిగాని ఒకదానినొకటి పోలవు. అయినను అవి దగ్గరి చుట్టములే. 1988లో అమెరికాలో పామర్, హెర్బన్ అను శాస్త్రజ్ఞులు ఈ మొక్కల మైటోకాండ్రియాలలోని డి.ఎన్.ఏ.ను పోల్చి చూచిరి. జన్యువులు దాదాపు ఒక్కటే. అవి అమరిన వరుస మాత్రము వేరు. డి.ఎన్.ఏ.లో ఒక ముక్క తెగి, తలక్రిందులై, మరల అదే చోట అతుకుకొనుటవలన ఇట్టి భేదము కలుగును.

అట్లయిన కనీసము ఎన్ని తిరగవేతలు జరిగియుండవలెను? ఒక మొక్కలోని ఖండములకు 1, 2, 3, 4, 5 అని సంఖ్యలిచ్చినచో, రెండవదానిలో వరుస 1, −5, 4, −3, 2 అగును. ఋణ గుర్తున్న ఖండము వెనుకకు తిరిగియున్నదని అర్థము. వరుసలో ఏ ముక్కను తిరగవేసినను అందలి సంఖ్యల క్రమము, గుర్తులు రెండును మారును.

మొదట 4ను మాత్రము తిరగవేయుడు: 1, −5, −4, −3, 2. పిమ్మట 2ను: 1, −5, −4, −3, −2. ఇక చివరి నాలుగింటిని కలిపి తిరగవేసినచో 1, 2, 3, 4, 5 వచ్చును. మూడు మార్పులు చాలినవి.

రెండింటితో కాదా? వరుసకు మొదట 0, చివర 6 చేర్చి చూడుడు. ప్రతి సంఖ్య తరువాత దానికంటె ఒకటి ఎక్కువైనది ఉన్నచో ఆ సంధి మంచిది. (−5 పిదప −4 వచ్చినను సరియే.) ఇచ్చట 0, 1ల నడిమి సంధి తప్ప తక్కిన ఐదును చెడినవే. తిరగవేసిన ముక్కకు రెండు కొనలయందున్న సంధులే మారును. లోపలివి మంచివైన మంచివిగను, చెడినవైన చెడినవిగను నిలుచును. కనుక రెండు మార్పులు నాలుగు సంధులకు మించి బాగుచేయలేవు. ఐదవది మిగిలిపోవును.

తిరగవేతలే కారణమైనచో అవి మూడింటికి తక్కువ కావని మాత్రమే ఇందువలన తేలును. సరిగా మూడే జరిగెనని ఎవరు చెప్పగలరు?

ఈ లెక్క అన్ని చోట్ల ఇంత సులువుగా కుదరదు. 2, 1 అను చిన్న వరుసలో చెడిన సంధులు మూడు. రెండు మార్పులు చాలునని తోచును. కాని మూడు కావలెను. అట్టముక్కలపై సంఖ్యలు వ్రాసి విద్యార్థులు దీనిని తరగతిలోనే సరిచూడవచ్చును. గుర్తులున్న వరుసకు కనీససంఖ్యను త్వరగా కనుగొను పద్ధతిని హన్నెన్‌హళ్ళి, పెవ్జ్‌నర్ 1995లో ప్రకటించిరి. గుర్తులు తీసివేసినచో పని తేలిక కావలెను గదా! చిత్రమేమనగా, అప్పుడే కష్టము హెచ్చును. ఆ సమస్య ఎన్‌పీ-కఠినమని 1997లో కాప్రారా నిరూపించెను. అనగా, అన్ని వరుసలకును చెల్లు శీఘ్రపద్ధతి దానికి ఇంతవరకు దొరకలేదు.