మెయిన్‌ఫ్రేమ్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్‌ను తీసేయాలంటే

2012 జూన్‌లో బ్రిటన్‌లోని ఆర్‌బీఎస్, నాట్‌వెస్ట్, అల్‌స్టర్ బ్యాంకుల ఖాతాల్లో లెక్కలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పడాల్సిన జీతాలు పడలేదు, కట్టాల్సిన వాయిదాలు చెల్లింపు కాలేదు. ఒక్క బ్రిటన్‌లోనే 65 లక్షల మందికి పైగా ఇబ్బంది పడ్డారు. అల్‌స్టర్ బ్యాంకు ఖాతాదారులకైతే జులై దాకా తిప్పలు తప్పలేదు. 2014 నవంబరులో బ్రిటన్‌లోని రెండు నియంత్రణ సంస్థలు కలిసి 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి.

అంత నష్టానికి మూలం ఏమిటో విచారణలో తేలింది. బ్యాంకు లెక్కలు చూసే పెద్ద కంప్యూటర్ అయిన మెయిన్‌ఫ్రేమ్‌లో, రాత్రిపూట బ్యాచ్ జాబులను ఒకదాని తర్వాత ఒకటి నడిపించే షెడ్యూలర్ సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వేశారు. ఏదో తేడా కనబడింది. వెంటనే దాన్ని తీసేసి పాత వెర్షన్‌కు వెళ్లిపోయారు. తీసేస్తే ఏమవుతుందో ముందుగా పరీక్షించి చూడలేదు. కొత్తదానికీ పాతదానికీ పొసగలేదు, జాబుల వరస చెదిరిపోయింది. కొత్తది పెట్టినప్పుడు తేడా మాత్రమే కనబడింది. కొంప మునిగింది తీసినప్పుడు.

మన ఫోన్‌లో ఒక యాప్ అక్కర్లేదనుకుంటే వేలితో నొక్కి పట్టుకుని తీసేస్తాం. మెయిన్‌ఫ్రేమ్‌లో అది ఎందుకు కుదరదు? ఐబీఎం 1964లో సిస్టమ్/360ని ప్రకటించినప్పటి నుంచి ఈ యంత్రాలు ఒక మాట నిలబెట్టుకుంటూ వస్తున్నాయి: పాత ప్రోగ్రామ్ కొత్త యంత్రం మీదా నడవాలి. ఆ మాట వల్లే దశాబ్దాల నాటి కోబాల్ ప్రోగ్రామ్‌లు ఈ రోజుకీ బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో పనిచేస్తున్నాయి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కోబాల్, జేసీఎల్ నేర్చుకుని దేశవిదేశాల్లో ఈ పనిలో స్థిరపడిన మనవాళ్లకు ఇది బాగా తెలుసు. అదే మాటకు ఇంకో వైపు కూడా ఉంది. రాసినవాళ్లు రిటైరై వెళ్లిపోయినా ప్రోగ్రామ్ మిగిలే ఉంటుంది. అది ఏ సాఫ్ట్‌వేర్‌ను పిలుస్తుందో చెప్పే కాగితం మాత్రం దొరకదు.

అందుకే మొదట తేల్చుకోవాల్సింది, తీసేయాలనుకున్న సాఫ్ట్‌వేర్‌ను ఎవరు వాడుతున్నారన్నది. మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన జెడ్/ఓఎస్ తనలో జరిగే పనులకు ఎస్ఎంఎఫ్ అనే పద్దు రాస్తుంది. అందులో 30వ రకం రికార్డు చూస్తే ఏ జాబు, ఏ స్టెప్‌లో, ఏ ప్రోగ్రామ్‌ను నడిపిందో తెలుస్తుంది. కానీ దాన్ని పూర్తిగా నమ్ముకుంటే దెబ్బతింటాం. జాబును ఎలా నడపాలో చెప్పే జేసీఎల్‌లో పేరు రాసి నేరుగా నడిపిన ప్రోగ్రామే అక్కడ కనబడుతుంది. ఒక ప్రోగ్రామ్ తన లోపలి నుంచి మరో మాడ్యూల్‌ను లోడ్ చేసుకుంటే ఆ పేరు అక్కడికి ఎక్కదు. కాబట్టి జేసీఎల్ లైబ్రరీలన్నీ వెతకాలి, సోర్స్ కోడ్ వెతకాలి, ఆయా విభాగాల వాళ్లను కూర్చోబెట్టి అడగాలి. నెల రోజుల పద్దు చూసి ఎవరూ వాడటం లేదని తేల్చేయడం నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన తొందర. ఏడాదికి ఒక్కసారి, లెక్కలు మూసే రాత్రి మాత్రమే లేచే జాబులుంటాయి. పదమూడు నెలల పద్దయినా చూడాలి.

తర్వాత పరీక్షకు పెట్టుకున్న సిస్టమ్‌లో ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న లైబ్రరీ పేరు మార్చి, జాబులన్నీ నడిపి చూడాలి. ఇంకా దాని మీద ఆధారపడిన జాబు ఉంటే చాలాసార్లు ఎస్806 అనే కోడ్‌తో పడిపోతుంది. అడిగిన ప్రోగ్రామ్ దొరకలేదని దాని అర్థం. ఆపరేటర్లకు చిరాకు తెప్పించే ఈ కోడే ఇక్కడ మనకు మేలు చేస్తుంది. పేరు తిరిగి మారిస్తే సరిపోతుంది కదా, ఈ దశలో పోయేదేమీ లేదు.

అసలు తీసివేత ఎస్ఎంపీ/ఈ అనే ఉపకరణం ద్వారా జరగాలి. దాని ద్వారా సిస్టమ్‌లో పెట్టిన ప్రతి ఉత్పత్తికీ ఏడక్షరాల గుర్తింపు ఉంటుంది, ఎఫ్ఎంఐడీ అంటారు. ఏ మాడ్యూల్ దేనికి చెందిందో, దాని మీద ఏ దిద్దుబాటు పడిందో అంతా ఎస్ఎంపీ/ఈ జాబితాలో ఉంటుంది. లైబ్రరీని చేత్తో చెరిపేస్తే ఫైలు పోతుంది గానీ, ఈ జాబితాలో అది బతికే ఉంటుంది. రేపు మరో దిద్దుబాటు వేయబోతే లేని మాడ్యూల్ కోసం అది వెతుకుతుంది. సరైన పద్ధతి చూడటానికి వింతగా ఉంటుంది: తీసేయడానికి ఇంకొకటి పెట్టాలి. లోపల ఒక్క మాడ్యూల్ కూడా లేని ఖాళీ ఫంక్షన్ ఒకటి తయారుచేసి, ఫలానా ఎఫ్ఎంఐడీని తొలగించమని అందులో ఒక మాట రాస్తారు. దాన్ని రిసీవ్ (ఎస్ఎంపీ/ఈలోకి తీసుకోవడం) చేసి, అప్లై (సిస్టమ్ మీద అమలు) చేసి, యాక్సెప్ట్ (శాశ్వతం) చేస్తారు. అప్లైకి ముందు చెక్ అనే ఆప్షన్‌తో ఉత్తుత్తిగా నడిపితే ఏమేం పోతాయో రిపోర్టు వస్తుంది. ఆ రిపోర్టును వరస వరసా చదవాలి. ఆపైన మిగిలిన ఖాళీ ఫంక్షన్ ఆనవాళ్లను కూడా జాబితా నుంచి తుడిచేయాలి.

మామూలు దిద్దుబాటు బెడిసికొడితే, ఇంకా యాక్సెప్ట్ చేయనంతవరకూ, రీస్టోర్ ఆదేశంతో వెనక్కి రావచ్చు. ఒక ఉత్పత్తినే తొలగించిన అప్లైకి ఆ సౌకర్యం లేదు. అందుకే అనుభవజ్ఞులు నడుస్తున్న సిస్టమ్ మీద చెయ్యి వేయరు. సిస్టమ్ డిస్క్‌కూ, ఎస్ఎంపీ/ఈ జాబితాకూ నకలు తీసి, తీసివేత ఆ నకలు మీద చేసి, దాని నుంచి ఐపీఎల్ చేస్తారు, అంటే సిస్టమ్‌ను మొదటి నుంచి మొదలుపెడతారు. తేడా వస్తే పాత డిస్క్ నుంచి మళ్లీ ఐపీఎల్ చేస్తారు. వెనక్కి వచ్చే ఆ దారిని కూడా ముందే ఒకసారి నడిచి చూసుకోవాలి. ఆర్‌బీఎస్‌లో జరగనిది సరిగ్గా అదే.

ఇక చాలామంది మరిచిపోయే పని ఒకటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కీలక సేవలను తాకే హక్కున్న లైబ్రరీల పేర్లు ఏపీఎఫ్ జాబితాలో ఉంటాయి. సాఫ్ట్‌వేర్ పోయాక దాని లైబ్రరీ పేరు అక్కడ మిగిలిపోతే దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే. ఆ లైబ్రరీ ఉండే డిస్క్ మీద అదే పేరుతో లైబ్రరీ సృష్టించగలిగినవాడు, తన ప్రోగ్రామ్‌కు సిస్టమ్ అంతటి మీదా పెత్తనం తెచ్చుకోగలడు. ఇలా ఊరికే మిగిలిన పేర్లను పట్టుకోవడానికి జెడ్/ఓఎస్ హెల్త్ చెకర్‌లో ప్రత్యేకంగా ఒక తనిఖీ ఉంది. ప్రోగ్రామ్‌లను వెతికే లింక్ లిస్ట్, జాబుల ప్రొసీజర్లు ఉండే ప్రోక్‌లిబ్, భద్రత చూసే ర్యాక్ఎఫ్ ప్రొఫైళ్లలోని పేర్లూ ఇలాగే తీసేయాలి.

తయారీదారే ఒక భాగాన్ని తీసేస్తే వాడకందార్లకు ఇంకా ఎక్కువ వ్యవధి కావాలి. జాబులను స్వీకరించి నడిపించే జేఈఎస్3 విషయంలో ఐబీఎం ఆ వ్యవధి ఇచ్చింది. ఇకపై తమ దారి అదే పని చేసే జేఈఎస్2నే అని 2019లో చెప్పింది. 2021లో వచ్చిన జెడ్/ఓఎస్ 2.5 జేఈఎస్3 ఉన్న చివరి విడుదల. 2023లో వచ్చిన 3.1లో అది లేదు. ఈలోగా కొందరు జేఈఎస్2కు మారారు. మారలేమన్నవాళ్ల కోసం ఫీనిక్స్ సాఫ్ట్‌వేర్ ఇంటర్నేషనల్ ఐబీఎం నుంచి లైసెన్సు తీసుకుని జేఈఎస్3ప్లస్ పేరుతో దాన్ని కొనసాగిస్తోంది.