టెలికన్వర్టర్ కొనాలా.. క్రాప్ చేస్తే సరిపోతుందా?

వారాంతాల్లో చెరువు గట్ల మీద పక్షుల కోసం కాపు కాసే కుర్రాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించేవి సిగ్మా, టామ్రాన్ 150-600 జూమ్ లెన్సులే. కెమెరా కంపెనీల 600 ఎంఎం ఎఫ్/4 లెన్సు కొనాలంటే కారు కొన్నంత పని. నాలాంటి ఈఎంఐ బతుకులకు ఈ జూమ్‌లే దిక్కు! కానీ కొన్న నెలకే అందరిదీ ఒకటే బెంగ.. ‘పిట్ట ఇంకాస్త పెద్దగా పడితే బాగుండు’ అని. అప్పుడే కళ్లు టెలికన్వర్టర్ మీద పడతాయి. పర్సు తీసే ముందు ఓసారి లెక్క చూద్దాం.

వెలుగు ఖర్చవుతుంది

టెలికన్వర్టర్ అంటే కెమెరాకీ, లెన్సుకీ మధ్య బిగించే చిన్న గాజు గొట్టం. 1.4ఎక్స్ పెడితే 600 ఎంఎం కాస్తా 840 అవుతుంది. 2ఎక్స్ అయితే 1200. అయితే, ఇదేమీ ఊరికే రాదు. లెన్సులోకి వచ్చిన అదే వెలుగుని ఇంకా పెద్ద బొమ్మగా పరుస్తుంది. అందుకే 1.4ఎక్స్‌తో వెలుగు సగమవుతుంది, 2ఎక్స్‌తో పావు వంతే మిగులుతుంది. ఎఫ్/6.3 లెన్సు దాదాపు ఎఫ్/9కి, ఎఫ్/13కి పడిపోతుంది. షట్టర్ స్పీడ్ మార్చకూడదంటే 800 ఉన్న ఐఎస్ఓని 1600కో, 3200కో పెంచాలి. నాయిస్ వెంటే వస్తుంది.

తర్వాతి దెబ్బ ఆటోఫోకస్‌కి. చాలా డీఎస్ఎల్ఆర్‌లు ఎఫ్/5.6 లేదా ఎఫ్/8 వరకే ఫోకస్‌కి హామీ ఇస్తాయి. మిర్రర్‌లెస్‌లో ఆ గీత దాటినా ఫోకస్ పడుతుంది గానీ, వెలుతురు తగ్గితే తడుముకుంటుంది.

మౌంట్ చూశారా?

అన్ని లెన్సులకీ అన్ని కన్వర్టర్లూ సరిపోవు. కొన్నింటి ముందు గాజు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. సరిపడని లెన్సుకి బిగిస్తే వెనక గాజుకి తగిలి గీత పడొచ్చు. డీఎస్ఎల్ఆర్‌ల కోసం వచ్చిన సిగ్మా 150-600కి ఆ కంపెనీదే టీసీ-1401, టామ్రాన్ 150-600 జీ2కి టీసీ-ఎక్స్14 ఉన్నాయి. మిర్రర్‌లెస్ కోసం 2021లో వచ్చిన సిగ్మా 150-600 స్పోర్ట్స్‌కి ఎల్ మౌంట్‌లోనే కన్వర్టర్ ఉంది, సోనీ మౌంట్‌లో లేదు. టామ్రాన్ 150-500కి అసలే లేదు. కాబట్టి లెన్సు కొనేటప్పుడే ఈ సంగతి చూసుకోవాలి.

క్రాప్ లెక్క

24 మెగాపిక్సెల్ ఫొటోని 1.4 రెట్లు క్రాప్ చేస్తే ఇంకా 12 మెగాపిక్సెల్ మిగులుతుంది. ఇన్‌స్టాలో పెట్టడానికి 1080 పిక్సెళ్ల వెడల్పు చాలు. అంటే ఫోన్‌లో చూసేవాళ్లకి క్రాప్ చేసిందీ, కన్వర్టర్‌తో తీసిందీ దాదాపు ఒకలాగే ఉంటాయి.

అమీన్‌పూర్ చెరువు దగ్గర నేను రెండూ పోల్చి చూశాను. పొద్దున్నే కొమ్మ మీద కదలకుండా కూర్చున్న లకుముకి పిట్టకి 1.4ఎక్స్‌తో ఈకల గీతలు కాస్త స్పష్టంగా వచ్చాయి. ఎగిరే కొంగల దగ్గరకొచ్చేసరికి కన్వర్టర్ తీసేసినప్పుడే ఎక్కువ ఫొటోలు దక్కాయి. ఎండెక్కాక నీటి మీద గాలి వేడికి అలలు అలలుగా ఆడుతుంటే రెండూ ఒకేలా మసకబారాయి. ఆ మసక పోవాలంటే పొద్దున్నే లేవడం ఒక్కటే మందు!

ఎవరికి పనికొస్తుంది?

మంచి వెలుగులో, ట్రైపాడ్ మీద, కదలని పిట్టని తీసి పెద్ద ప్రింట్ వేయాలనుకునేవాళ్లకి 1.4ఎక్స్ బాగుంటుంది. చందమామకి ఇంకా బాగుంటుంది. 600 ఎంఎంతో సెన్సార్ మీద సుమారు 5.5 మిల్లీమీటర్లే ఉండే చంద్రుడు, 840తో 7.6 మిల్లీమీటర్లకి పెరుగుతాడు. ఈ జూమ్‌లకి 2ఎక్స్ జోలికి మాత్రం వెళ్లొద్దనే నా సలహా. వీలైతే ముందు ఒక శని, ఆదివారాలకి అద్దెకి తెచ్చి వాడి చూడండి.

మరో మాట. కొల్లేరు ఆటపాకలోనో, నేలపట్టులోనో పెలికాన్లు గూళ్లు కట్టినప్పుడు ‘ఇంకో నాలుగడుగులు’ అనిపించడం సహజం. కానీ తల్లి బెదిరి లేచిపోతే గుడ్లు ఎండకీ, కాకులకీ దొరికిపోతాయి. అక్కడ అడుగు ముందుకేసే బదులు కన్వర్టర్ పెట్టండి, లేదా ఇంటికొచ్చి క్రాప్ చేయండి. ఫొటో కొంచెం మెత్తగా వచ్చినా నష్టం లేదు. పిట్ట గూట్లోనే ఉంటుంది కదా!