ఒక్కరోజు తక్కువ ఏడాది

అమెరికాలో బేస్‌బాల్ సీజన్ వస్తోంది, అక్కడి మనవాళ్ల పిల్లలు కూడా ఆడుతున్నారు, ఏ జట్టుకు ఎంత అవకాశముందో ముఖచిత్ర కథనం రాయండి, బుధవారానికల్లా కావాలి అన్నారు ఎడిటర్‌గారు. అదే రాద్దామని కూర్చున్నాను. మధ్యలో 2015 క్యాలెండర్ ఒకటి అడ్డం పడింది. ఇక అక్కడే చిక్కుకుపోయాను.

ఆ ఏడాది సీజన్ ఏప్రిల్ 5న మొదలై అక్టోబర్ 4న ముగిసింది. మొత్తం 183 రోజులు. అందులో 172 రోజులు మేజర్ లీగ్ జట్టులో ఉంటే ఆటగాడికి ఏడాది సర్వీసు నిండినట్టు. అలాంటి ఏడాదులు ఆరు నిండితే ఫ్రీ ఏజెంట్. ఏ జట్టుతోనైనా బేరమాడుకోవచ్చు. అప్పటిదాకా క్లబ్ చేతిలో మనిషే. షికాగో కబ్స్ తన కొత్త కుర్రాడు క్రిస్ బ్రయంట్‌ను పైకి పిలిచింది ఏప్రిల్ 17న. వేళ్లు మడిచి చూడండి: ఏప్రిల్‌లో 14, మే నుంచి సెప్టెంబర్ దాకా 153, అక్టోబర్‌లో 4. అంతా కలిపితే 171.

ఒక్కరోజు ముందు పిలిస్తే 2020 సీజన్ అయ్యాక అతను స్వతంత్రుడు. పిలవలేదు కనక 2021 కూడా క్లబ్‌దే.

పోనీ, కుర్రాడు ఇంకా పచ్చిగా ఉన్నాడా? క్లబ్బులు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2013లో రెండో ఎంపిక. 2014లో కింది లీగుల్లో 43 హోమ్ రన్లు. 2015 వసంతకాలపు సన్నాహక మ్యాచుల్లో 9 హోమ్ రన్లు, అందరికంటే ఎక్కువ. అయినా థర్డ్ బేస్ దగ్గర ఫీల్డింగ్ మెరుగుపడాలని చెప్పి కింది లీగులోని అయోవా జట్టుకు పంపారు. ఆ మెరుగేదో సీజన్‌లో పన్నెండు రోజులు గడిచేసరికి వచ్చేసింది! ఉన్న థర్డ్ బేస్‌మన్ గాయపడ్డాడు కాబట్టి పిలిచామని క్లబ్ వాదన. గాయం నిజమే. తేదీ మాత్రం మరీ ముద్దుగా కుదిరింది. సర్వీసు అతుకుతుందేమోనని కాంట్రాక్టు లెక్చరర్లకు మధ్యలో ఒకరోజు బ్రేక్ ఇచ్చే ఆఫీసులు మనకు తెలియనివి కావు.

క్లబ్ కక్కుర్తి నాకంత వింతగా లేదు. వింతంతా అభిమానులది. 1908 తరవాత కప్పు ఎరగని జట్టది. 2012లో 101 ఓటములు, 2014లో 89. కొత్త కుర్రాళ్లు ఎదిగొస్తారన్న ఆశమీదే బతుకుతున్న జనం. వాళ్లలోనూ రెండు పక్షాలు. ఇవాళే ఆడించండని ఒకరు, పన్నెండు రోజులు ఓపిక పడితే ఇంకో ఏడాది మనవాడే కదా అని ఇంకొకరు. రెండోవాళ్ల లెక్కలో తప్పేమీ లేదు. కానీ టికెట్టు కొనుక్కున్న మనిషి, తాను ఆరాధించే ఆటగాడి జీతానికి కోత పెట్టే పద్దును యజమాని తరఫున తానే రాస్తున్నాడు! జట్టును ప్రేమించేవాడికి ఆటగాడు ఎప్పుడో ఒకప్పుడు ఖర్చులాగే కనిపిస్తాడేమోనని నా అనుమానం.

మొదటి మ్యాచ్‌లో బ్రయంట్ నాలుగుసార్లు బ్యాట్ పట్టి మూడుసార్లు స్ట్రైకౌటయ్యాడు. ఏడాది తిరిగేసరికి ఉత్తమ కొత్త ఆటగాడు. 2016లో లీగ్ ఎంవీపీ, అంటే అత్యంత విలువైన ఆటగాడు. ఆ నవంబర్‌లో 108 ఏళ్ల కరువు తీర్చిన చివరి బంతిని పట్టి, కాలు జారుతూనే, నవ్వుతూ ఫస్ట్ బేస్‌కు విసిరిందీ అతనే. ఇంత జరుగుతున్నా, ఆ ఒక్కరోజు గురించి బ్రయంట్ తరఫున వేసిన ఫిర్యాదు నడుస్తూనే ఉంది. 2020 మొదట్లో మధ్యవర్తి క్లబ్ పక్షానే తీర్పిచ్చాడు.

2021లో సియాటిల్ మెరీనర్స్ అధ్యక్షుడు కెవిన్ మాథర్ ఓ రోటరీ క్లబ్ సమావేశంలో, కుర్రాళ్లను సర్వీసు లెక్క చూసుకునే కింద ఉంచుతున్నామని అర్థమయ్యేలా మాట్లాడేశాడు. వీడియో బయటికొచ్చాక రాజీనామా చేశాడు. అందరూ చేసే పనే. పైకి అన్నవాడికి ఉద్యోగం పోయింది.

చరిత్ర క్లుప్తంగా: ఒకప్పుడు ఆటగాడు జీవితాంతం క్లబ్‌కు కట్టుబడాల్సిందే. తనను వేరే జట్టుకు మార్చేయడాన్ని 1969లో కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాడు ఎదిరించాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడాడు. 1975 డిసెంబర్‌లో పీటర్ సైట్జ్ అనే మధ్యవర్తి ఇంకో ఇద్దరు ఆటగాళ్లకు విముక్తినిచ్చాడు. యజమానులు ఆయన్ను వెంటనే తొలగించారు. ఆ తీర్పు తరవాతి ఒప్పందంలోదే ఈ ఆరేళ్ల గడువు. 2022 ఒప్పందంతో, ఉత్తమ కొత్త ఆటగాడి ఓటింగులో మొదటి రెండు స్థానాల్లో నిలిచినవాళ్లకు ఎప్పుడు పిలిచినా ఏడాది సర్వీసు పూర్తిగా ఇస్తున్నారు. బ్రయంట్‌కు ఏడేళ్లు ఆలస్యం.

ఇంతా చేసి, ఒక్కరోజుతో మిగుల్చుకున్న 2021ని కబ్స్ పూర్తిగా వాడుకోనేలేదు. జూలై 30న బ్రయంట్‌ను శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు ఇచ్చేసింది. బదులుగా పుచ్చుకున్నది ఇద్దరు కొత్త కుర్రాళ్లను. బ్రయంట్‌కూ అది తీరని అన్యాయమని తేల్చలేం. ముందే స్వతంత్రుడై ఉంటే, 0.206 బ్యాటింగ్ సగటుతో ముగిసిన 2020 కోవిడ్ సీజన్ తరవాత బేరానికి కూర్చోవలసి వచ్చేది. 2022లో కొలరాడో రాకీస్ ఏడేళ్లకు 18.2 కోట్ల డాలర్లిచ్చింది. తరవాత గాయాలతో అతను ఆడింది తక్కువ. కబ్స్ గీచిగీచి లెక్కపెట్టిన రోజులకు, రాకీస్ ధారాళంగా కొన్న ఏళ్లకు పొంతనే లేదు.

ఏటా జూలై 1న

క్లబ్ లెక్క తిరగబడిన కథ న్యూయార్క్ మెట్స్‌ది. వద్దనుకున్న ఆటగాడు బాబీ బొనిల్లాకు 2000లో ఇంకా 59 లక్షల డాలర్లు బాకీ. ఇప్పుడెందుకు, 8 శాతం వడ్డీతో తరవాత ఇస్తామంది. 2011 నుంచి ఏటా జూలై 1న 11,93,248 డాలర్ల 20 సెంట్లు. అభిమానులు ఆ రోజును పండగలా చేసుకుని నవ్వుకుంటారు. బొనిల్లా చివరి మ్యాచ్ ఆడింది 2001లో. చివరి వాయిదా 2035లో, అప్పటికి ఆయన వయసు 72.