గాజుపళ్లెములో మలేరియా మందుల పందెము

చలిజ్వరమునకు క్వినైను మింగి మొగము చిట్లించిన తరము గడచిపోయినది. దాని స్థానమున వచ్చిన క్లోరోక్వినుకు ఫాల్సిపారము అను ప్రాణాంతక మలేరియాక్రిమి చాలచోట్ల లొంగుట మానినది. ఇప్పుడు ఆ జ్వరమునకు ముఖ్యాధారము ఆర్టిమిసినిను కుటుంబము.

ఈ మందునకు పుట్టినిల్లు చైనా. తల్లిమొక్క మన వినాయకచవితి పత్రిలోని మాచిపత్రికి దాయాది. నీటిలో మరిగించిన కషాయములో గుణము నశించుచుండగా, తూ యూయూ అను పరిశోధకురాలు సుమారు 35 డిగ్రీలకే మరుగు ఈథరుతో సారము తీసినది. 1971లో అది ఎలుకలలోను, కోతులలోను క్రిమిని నిర్మూలించినది. మరుసటి ఏట శుద్ధద్రవ్యము స్ఫటికరూపమున లభించినది. 1973లో దానినుండి డైహైడ్రో ఆర్టిమిసినిను, తరువాత ఆర్టిసునేటు, ఆర్టిమీథరు పుట్టినవి.

ఒకే యింటి బిడ్డలలో బలవంతుడెవడు? దీనిని తేల్చుటకు మానవరక్తములో క్రిమిని పెంచు ఉపాయము కావలసివచ్చినది. న్యూయార్కులో ట్రాగరు, జెన్సెనులు 1976లో దానిని సాధించినారు. వారు వాడిన సాధనములలో ఒకటి కొవ్వొత్తి! జాడీలో దానిని వెలిగించి మూత బిగించిన, లోని ప్రాణవాయువు తగ్గి క్రిమికి అనుకూలమగును. ఇట్లు పెంచిన క్రిములకు మందును పలుమోతాదులలో కలిపి, పెరుగుదలను సగమునకు దించు మోతాదును గుర్తింతురు. ఆ అంకె ఎంత చిన్నదైన మందు అంత ఘనము. ఈ కొలతలో డైహైడ్రో ఆర్టిమిసినిను తల్లిమందును మించినది. ఆర్టిమీథరు శరీరములో చాలవరకు కాలేయమువలననే ఆ రూపమునకు మారును. గాజుపళ్లెమునకు కాలేయము లేదు కనుక, అచటి అంకెనుబట్టి దానిని తక్కువచేయుట న్యాయము కాదు.

అసలు చిక్కు పశ్చిమ కంబోడియాలో తలయెత్తినది. 2008, 2009 సంవత్సరములలో వెలువడిన నివేదికల ప్రకారము, ఆర్టిసునేటు ఇచ్చినను కొందరు రోగుల రక్తమునుండి క్రిమి త్వరగా తొలగలేదు. అదే క్రిమిని పళ్లెములో పరీక్షించిన, అంకె ఇంచుమించు మామూలే! రోగి యొక చెప్పు, పళ్లెము వేరొకటి చెప్పు. ఎవరిని నమ్మవలెను?

రోగినే నమ్మవలసివచ్చినది. పాతపరీక్షలో క్రిమి రెండుమూడు దినములు మందులోనే మునిగియుండును. శరీరములోనో, ఈ మందు కొన్నిగంటలలోనే పోవును. ఉంగరమువలె కనిపించు పసిదశలో క్రిమి ఆ కొద్దిగంటలు ఎదుగుదల నాపి, నిద్రించినట్లుండి, ప్రమాదము గడచిన పిమ్మట లేచుచున్నది. పాతపరీక్ష ఆ నిద్రను పట్టజాలదు.

అందుచే 2013లో క్రొత్త పరీక్ష వచ్చినది. మూడుగంటలు నిండని పసిక్రిములను, లీటరుకు 700 నానోమోలుల డైహైడ్రో ఆర్టిమిసినినులో ఆరుగంటలుంచి, మందును కడిగివేసి, మరి 66 గంటలకు బ్రతికినవానిని లెక్కింతురు. నూటికి ఒకటి మించినచో క్రిమి మొండిదని నిర్ణయము. కంబోడియా మొండితనము ఇందులో తేటతెల్లమైనది. మరుసటి సంవత్సరమే కెల్చ్ 13 అను జన్యువులోని మార్పులు దానికి గురుతులని తెలిసినది. ఉత్తర ఉగాండా క్రిములలోను అట్టి మొండితనమున్నట్లు 2021లో ప్రకటితమైనది.